జపాన్‌లో నది ఒడ్డున చిన్న ఊరు: సవారా, తకయామా, గుజో హచిమాన్, కినోసాకి... ఎవరికి ఏది?

టోక్యో, క్యోటో, ఒసాకా హోటళ్లు ఖాయమయ్యాక చాలామందికి ప్లాన్‌లో ఒకటి రెండు రాత్రులు మిగులుతాయి. "పాతకాలపు జపాన్ ఊరు ఒకటి చూద్దాం, చిన్నదిగా, నది పక్కన ఉండాలి" అని వెతకడం మొదలుపెడతారు. అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఏ ఊరి ఫోటో చూసినా ఒకేలా ఉంటుంది: నల్లబడిన చెక్క ఇళ్లు, వంగిన విల్లో చెట్లు, చిన్న వంతెన, నీళ్లలో రంగు చేపలు.

దగ్గరికి వెళ్లి చూస్తే తేడా చాలా ఉంది. సవారాలో నది సరుకు మోసింది. గుజో హచిమాన్‌లో నీళ్లు ఇంటి గుమ్మం దాకా వచ్చి కూరగాయలు కడిగాయి. తకయామాలో నది గట్టు మీద పొద్దున్నే సంత నడుస్తుంది. కినోసాకిలో నది వెంబడి నడుస్తూ జనం ఒక వేడినీళ్ల స్నానశాల నుంచి ఇంకోదానికి వెళతారు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. గింజాన్ ఒన్సెన్ అనే వేడినీళ్ల ఊరి గురించి కూడా చాలామంది అడుగుతుంటారు కాబట్టి దాని సంగతి చివర్లో చెబుతాను.

## ముందు ఇవి తేల్చుకోండి

రూట్. ఊరు నచ్చిందని ప్రయాణమంతా మార్చుకోవద్దు. మీ దారిలో పడే ఊరిని ఎంచుకోండి. పెద్ద నగరాల మధ్య షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) వేగం చూసి చిన్న ఊళ్లకూ అలాగే వెళ్లిపోవచ్చనుకుంటారు. ఈ నాలుగు ఊళ్లలో దేనికీ షింకన్‌సెన్ లేదు. పాత బ్లాగులు చదివి జేఆర్ పాస్, అంటే విదేశీ పర్యాటకులకు ఇచ్చే రైలు పాస్, కొనేయకండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. ఒక చిన్న ఊరు, రెండు పెద్ద నగరాలు చూసేవాళ్లకు విడి టికెట్లో, ఆ ప్రాంతానికి మాత్రమే పనికొచ్చే పాసో చవక పడే అవకాశం ఎక్కువ.

రాత్రి ఉంటారా, లేదా? నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఈ ఊళ్లలో పదకొండు నుంచి మూడు దాకా టూర్ బస్సుల జనం ఉంటారు. ఐదు అయ్యేసరికి చాలా దుకాణాలు మూసేస్తారు. జనం కోరుకునే ఆ నిశ్శబ్దం, దీపాల వెలుతురు, నీళ్ల చప్పుడు సాయంత్రం ఆరు తర్వాతా, పొద్దున ఎనిమిదిలోపే దొరుకుతాయి. పగలు వచ్చి సాయంత్రం తిరుగు రైలెక్కేవాళ్లకు దొరికేది ఐస్‌క్రీమ్ క్యూ. దీనికి సవారా ఒక్కటే మినహాయింపు. అది పగటి ఊరు.

తిండి. శాకాహారులకు ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. సంప్రదాయ బస, అంటే రియోకాన్‌లో గది అద్దెలోనే రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిసి ఉంటాయి. ఆ భోజనం పది పన్నెండు చిన్న గిన్నెల్లో వస్తుంది. దాదాపు ప్రతిదాంట్లో చేప తగులుతుంది. ముక్కలు కనిపించకపోయినా ఎండబెట్టిన బొనీటో చేపతో కాచిన 'దాషి' అనే చారునీళ్లు ఉంటాయి. మిసో (సోయా గింజల ముద్ద) సూప్, నూడుల్స్ పులుసు, ఉడికించిన ముల్లంగి, అన్నిటికీ ఆధారం అదే. "నాన్‌వెజ్ వద్దు" అంటే మాంసం తీసేస్తారు, దాషి మిగిలే ఉంటుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడే చేప దాషి కూడా వద్దని రాసి అడగాలి. చేయలేమని మొహమాటం లేకుండా చెప్పే రియోకాన్‌లు చాలా ఉన్నాయి. ఆ జవాబు ముందే రావడం మంచిదే. అలాంటప్పుడు భోజనం లేకుండా గది మాత్రమే ఇచ్చే చోటు చూసుకోవచ్చు. గదిలో వేడినీళ్ల కెటిల్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది కనుక ఇన్‌స్టంట్ ఉప్మా, పోహా ప్యాకెట్లతో ఒక పూట గడిచిపోతుంది. మాంసం కలిసిన ప్యాకెట్లను మాత్రం జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. ఆవకాయ సీసా గదిలో తెరిచే ముందు ఒక్కసారి ఆలోచించండి, తతామి చాప ఆ వాసనను అంత తొందరగా వదలదు.

మోకాళ్లు. తతామి గదుల్లో నేలమీద పరుపు వేస్తారు, కింద కూర్చుని తినాలి. పాత చెక్క భవనాల్లో లిఫ్ట్ ఉండకపోవచ్చు, మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఫోటో కన్నా ముందు మంచం ఉందో లేదో చూడాలి.

స్నానం. వేడినీళ్ల స్నానశాలల్లో ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. లోపల ఎవరి ఒంటి మీదా బట్టలుండవు. స్విమ్మింగ్ డ్రెస్ కూడా ఒప్పుకోరు. ముందు స్టూల్ మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. మనవాళ్లలో చాలామంది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. మీరూ అంతే అనుకుంటే కినోసాకికి పెట్టే ఖర్చులో సగం వృథా. లేదంటే గంట లెక్కన కుటుంబానికి మాత్రమే ఇచ్చే విడి స్నానపు గది ఉన్న రియోకాన్ చూసుకోవాలి.

నెల. మన వేసవి సెలవుల్లో ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌వాళ్ల గోల్డెన్ వీక్ పడుతుంది. అప్పుడు రైళ్లు, గదులు కిక్కిరిసి ఉంటాయి. జూన్‌లో వానలు. దసరా సెలవులు అక్టోబరు మొదట్లో వస్తే వాతావరణం హాయిగా ఉంటుంది. సంక్రాంతికి వెళ్లేవాళ్లకు తకయామా, కినోసాకిల్లో మంచు కనిపించే అవకాశం ఎక్కువ.

## ఒక్క చూపులో

| | సవారా | తకయామా | గుజో హచిమాన్ | కినోసాకి |
|---|---|---|---|---|
| నది | ఓనో | మియగవా | యోషిదా | ఒతానీ |
| ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) | చిబా | గిఫు | గిఫు | హ్యోగో |
| ఎక్కడి నుంచి సులువు | నరీటా, టోక్యో | నగోయా | నగోయా | క్యోటో, ఒసాకా |
| ప్రయాణం | నరీటా స్టేషన్ నుంచి అరగంట | రైల్లో రెండున్నర గంటలు | బస్సులో సుమారు గంటన్నర | క్యోటో నుంచి రెండున్నర గంటలు |
| రాత్రి ఉండాలా | అక్కర్లేదు | ఒకటి రెండు | ఒకటి | ఒకటి, తప్పకుండా |
| శాకాహారం | పగటి పూటే కనుక సర్దుకోవచ్చు | నాలుగింటిలో సులువు | కష్టం | ముందే మాట్లాడుకుంటేనే |
| పెద్దవాళ్లకు | బాగుంటుంది | చాలా బాగుంటుంది | కోట ఎక్కకపోతే ఫరవాలేదు | గదిని బట్టి |
| మంచి సమయం | మే చివర, జూన్, అక్టోబరు | ఏప్రిల్ మధ్య, అక్టోబరు | జులై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి దాకా | నవంబరు నుంచి మార్చి |

## సవారా: విమానం ముందు ఒక పూట

టోనే నదిలో కలిసే చిన్న ఓనో నదికి రెండువైపులా కట్టుకున్న వర్తకుల ఊరు ఇది. ఎదో, అంటే నేటి టోక్యో, షోగున్‌ల (సైనిక పాలకుల) నగరంగా ఉన్న కాలంలో బియ్యం, సాకే (బియ్యపు మద్యం), సోయా సాస్ ఇక్కడి నుంచి పడవల్లో అక్కడికి వెళ్లేవి. నదిలోకి దిగే రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. సరుకు దించిన ఆ మెట్ల దగ్గరే ఇప్పుడు పర్యాటకులు పడవ ఎక్కుతారు. 1996లో ఈ వీధులను సంరక్షిత ప్రాంతంగా గుర్తించారు. టోక్యో చుట్టూ ఉన్న కాంతో ప్రాంతంలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఊరు ఇదే. 2011 భూకంపంలో చాలా ఇళ్ల పెంకులు రాలిపోయాయి, నది ఒడ్డు దెబ్బతింది. తర్వాత ఓపికగా మళ్లీ కట్టుకున్నారు.

ఈ ఊరికి వెళ్లడానికి నాకు కనిపించే అసలు కారణం ఒక మనిషి. ఇనో తదతకా ఇక్కడి సాకే వ్యాపారుల ఇంటికి ఇల్లరికం వచ్చాడు. వ్యాపారం నిలబెట్టి, యాభై ఏళ్లప్పుడు కొడుక్కి అప్పగించి, ఎదో వెళ్లి తనకంటే దాదాపు ఇరవై ఏళ్లు చిన్నవాడైన గురువు దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. 1800లో, 55 ఏళ్ల వయసులో, జపాన్ తీరం కొలవడానికి కాలినడకన బయలుదేరాడు. 1818లో చనిపోయేదాకా ఆ పనిమీదే ఉన్నాడు. శిష్యులు ఆయన మరణాన్ని బయటపెట్టకుండా పని కొనసాగించి 1821లో పటం పూర్తిచేశారు. ఆయన ఇల్లు నది ఒడ్డునే ఉంది, మ్యూజియం ఎదుటి ఒడ్డున. రిటైరైన నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్లండి, ఊరు వేరుగా కనిపిస్తుంది.

ఆ ఇంటి ఎదుటి చిన్న వంతెన ఒకప్పుడు పొలాలకు నీళ్లు దాటించే తొట్టి. దానిమీద పలకలు పరిచి నడిచేవారు. ఇప్పుడు పగటిపూట అరగంటకోసారి దాని పక్క నుంచి నీళ్లు నదిలోకి దూకుతాయి. పిల్లలు ఆ క్షణం కోసం గడియారం చూస్తూ నిలబడతారు.

లోటు ఏమిటంటే ఊరు చిన్నది. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. పాత వీధి దాటితే మామూలు జపాన్ శివారు ఊరే. రైళ్లు గంటకు ఒకటి అన్నట్టుగా ఉంటాయి. నరీటా ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేటప్పుడు నరీటా స్టేషన్‌లో మారాలి. ఆ రైలు సరిగ్గా కలిస్తే గంటలోపు చేరతారు, కలవకపోతే గంటన్నర. తిరుగు విమానం ఉన్న రోజు వెళ్లేవాళ్లు వెనక్కి వచ్చే రైలు టైమ్ ముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. జులైలోనూ అక్టోబరులోనూ ఇక్కడ రథాల ఉత్సవం జరుగుతుంది. 2016లో యునెస్కో గుర్తించిన జపాన్ రథోత్సవాల్లో ఇదీ ఒకటి. ఆ రోజుల్లో మాత్రం ఒక పూట చాలదు.

## తకయామా: ఎవరినీ ఇబ్బంది పెట్టని ఊరు

చిన్న ఊరు అంటున్నాం గానీ ఈ నాలుగింటిలో ఇదే పెద్దది. హిడా కొండల మధ్య ఉంటుంది. చుట్టూ ఉన్న అడవుల కలప కోసమే షోగున్ ప్రభుత్వం 1692లో ఈ ప్రాంతాన్ని నేరుగా తన చేతిలోకి తీసుకుంది. అప్పటి పాలన భవనం, తకయామా జిన్యా, నేటికీ నిలిచి ఉంది. విశేషం ఏమిటంటే 1969 దాకా అందులో ప్రభుత్వ కార్యాలయమే నడిచింది. చెప్పులు విప్పి ఆ చెక్క వరండాల్లో నడిస్తే పన్నుగా కట్టిన బియ్యం నిల్వచేసిన గిడ్డంగి దాకా చూడొచ్చు.

నది పక్కన పొద్దున ఏడింటికి సంత మొదలవుతుంది, చలికాలంలో ఎనిమిదింటికి. మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు. ఊరగాయలు, ఆపిల్స్, మిసో, చేత్తో కుట్టిన ఎర్ర సరుబోబో బొమ్మలు అమ్ముతారు. పొద్దున్నే వెళితే అమ్మే ముసలమ్మలు తీరిగ్గా మాట్లాడతారు, పదింటికి వెళితే మీ ముందు పదిమంది ఉంటారు. సంత చూసుకుని సన్మాచి అనే పాత వీధులకు నడవండి. సాకే తయారీ ఇళ్ల ముందు దేవదారు రెమ్మలతో కట్టిన పెద్ద గుండ్రటి బంతి వేలాడుతుంది. ఆ ఏడాది కొత్త సాకే వచ్చిందని దాని అర్థం.

తిండి దగ్గర ఈ ఊరు మిగతా మూడింటికన్నా చాలా నయం. బయటి దేశాలవాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి శాకాహారం అంటే ఏమిటో తెలిసిన హోటళ్లు దొరుకుతాయి. బౌద్ధ మఠాల పద్ధతిలో వండే షోజిన్ భోజనం కూడా ఇక్కడ ఉంది. రోడ్డు పక్కన కాల్చి ఇచ్చే బియ్యప్పిండి ఉండలు, మితారాషి డాంగో, మిగతా చోట్ల తియ్యటి పాకంలో ముంచుతారు. ఇక్కడ ఉత్త సోయా సాస్‌లో ముంచి కాలుస్తారు, మన నాలుకకు ఇదే బాగుంటుంది. మాంసం తినేవాళ్లు హిడా బీఫ్ కోసం ఎలాగూ క్యూ కడతారు. మంచాలున్న మామూలు హోటళ్లు స్టేషన్ చుట్టూ ఉన్నాయి, రోడ్లు సమతలంగా ఉంటాయి, బోర్డులు ఇంగ్లిష్‌లో ఉంటాయి.

మరి లోటు? జనం. మధ్యాహ్నం సన్మాచి వీధిలో పాత ఇళ్లకన్నా సెల్ఫీ కర్రలు ఎక్కువగా కనిపిస్తాయి. "ఎవరికీ తెలియని ఊరు" చూడాలనుకునేవాళ్లు ఇక్కడ నిరాశపడతారు. దానికి విరుగుడు దగ్గర్లోనే ఉంది. రైల్లో పదిహేను నిమిషాలు పోతే హిడా ఫురుకవా వస్తుంది. తెల్ల గోడల గిడ్డంగుల పక్కన సన్నటి కాలువ, అందులో పెద్ద పెద్ద కార్ప్ చేపలు, వీధిలో పెద్దగా ఎవరూ ఉండరు. చలికాలంలో మాత్రం ఆ చేపలను చెరువుకు తరలిస్తారు, అప్పుడు వెళితే కాలువ ఒక్కటే కనిపిస్తుంది. షిరకవాగో గడ్డి కప్పుల ఇళ్లకు బస్సు కూడా తకయామా నుంచే, గంటలోపు ప్రయాణం.

ఏప్రిల్ 14, 15, అక్టోబరు 9, 10 తేదీల్లో ఇక్కడ రథోత్సవాలు. కొన్ని రథాల మీద దారాలతో ఆడించే మరబొమ్మలుంటాయి. దసరా సెలవులు కలిసొస్తే ప్రయత్నించండి గానీ, గది దొరకదన్న సంగతి ముందే తెలుసుకుని దిగండి.

## గుజో హచిమాన్: నా ఓటు దీనికే

ఇక్కడ నది ఒడ్డున ఊరు ఉందనడం తక్కువే, నీళ్లు ఊరంతా పాకి ఉన్నాయి. యోషిదా నది మధ్యలో పోతుంది, వీధుల పక్కన సన్న కాలువలు పారుతుంటాయి. 17వ శతాబ్దంలో అగ్నిప్రమాదాల భయంతో ఈ కాలువలు తవ్వించారు. ఇప్పటికీ పాత ఇళ్ల చూరుకు నీళ్ల బకెట్లు వేలాడుతుంటాయి. 1919లో మరో పెద్ద మంట ఊరి ఉత్తర భాగాన్ని కాల్చేసింది, కాబట్టి ఆ జాగ్రత్త ఊరికే మిగిలిపోలేదు. కాలువకు అడ్డంగా చెక్క పలక దించితే నీళ్లు కాస్త ఎత్తుకు వస్తాయి, అక్కడ కూరలో బట్టలో కడుక్కుంటారు.

మిజుబునే అనే తొట్ల వరస చూడదగ్గది. ఊటనీరు మెట్లు మెట్లుగా కింది తొట్లలోకి పోతుంది. మొదటి తొట్టి తాగడానికి, తర్వాతది కూరలు, పళ్లు కడగడానికి, ఆ కిందిది గిన్నెలకు. రాలిన మెతుకులను చివర ఉన్న కార్ప్ చేపలు తినేస్తాయి. పాత కవి సోగి పేరుమీద ఉన్న సోగిసుయ్ ఊట ఊరి నడిమధ్యన, నది పక్కనే ఉంది. 1985లో జపాన్ ప్రభుత్వం ప్రకటించిన నూరు మేలైన నీటి వనరుల్లో దీనికి చోటు దక్కింది. వాడుతున్న చోట్ల దగ్గర కెమెరా పట్టుకుని మీద పడకండి, అవి జనం వంటిళ్లకు పొడిగింపు.

వేసవిలో వెళితే గుజో ఓదోరి. జులై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి దాకా ముప్పైకి పైగా రాత్రులు ఊరు డాన్స్ చేస్తుంది. మధ్యలో చెక్క మంటపం మీద పాటగాళ్లు, చుట్టూ వలయంగా జనం. బతుకమ్మ ఆడినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు: పక్కవాళ్ల చేతులు చూస్తూ రెండు చుట్లు తిరిగితే అడుగు పట్టుబడుతుంది, చూసేవాళ్లు ఆడేవాళ్లు అన్న తేడా ఉండదు. ఆగస్టు 13 నుంచి 16 దాకా నాలుగు రాత్రులు తెల్లవారేదాకా సాగుతుంది. 2022లో యునెస్కో గుర్తింపు పొందిన జపాన్ జానపద నృత్యాల్లో ఇది కూడా ఉంది. చెక్క చెప్పుల చప్పుడే తాళం కాబట్టి అద్దె యుకాతాతో (పల్చటి నూలు కిమోనోతో) పాటు గేటా చెప్పులూ తీసుకోండి, మడమల కోసం బ్యాండ్‌ఎయిడ్ జేబులో పెట్టుకోండి.

వేసవి కాకపోతే ఊరు చాలా నెమ్మదిగా ఉంటుంది. కొండమీద 1933లో చెక్కతో మళ్లీ కట్టిన కోట, కింద వీధులు, మైనపు తిండి బొమ్మలు. జపాన్ హోటళ్ల అద్దాల్లో కనిపించే నకిలీ వంటకాల వ్యాపారానికి పునాది వేసిన ఇవాసాకి తకిజో ఈ ఊరివాడే. ఇక్కడి వర్క్‌షాపుల్లో పిల్లలు వేడినీళ్లలో మైనం పోసి రొయ్య టెంపూరా, లెట్యూస్ చేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. శాకాహారులు ధైర్యంగా ముట్టుకోగల రొయ్య బహుశా ఇదొక్కటే.

అసలు తిండి సంగతికొస్తే కష్టం. నదిలో పట్టిన అయు చేప, మిసోలో వేయించిన కోడి, ఇవీ ఊరి పేరున్న వంటలు. రాత్రి హోటళ్లు తొందరగా మూసేస్తారు. ప్రయాణమూ కాస్త చిక్కే. నగోయా, గిఫుల నుంచి బస్సులున్నాయి గానీ కొన్ని హైవే ఇంటర్‌ఛేంజ్ దగ్గరే దింపేస్తాయి. అక్కడి నుంచి ఊరి మధ్యకు నడక ఉంటుంది, బుక్ చేసేటప్పుడు స్టాప్ పేరు చూసుకోండి. మినో ఓతా నుంచి వచ్చే నాగరగవా రైలు నది వెంబడే వంకరలు తిరుగుతూ గంట ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. జేఆర్ పాస్ అందులో చెల్లదు. తొందర లేనివాళ్లు ఒకవైపైనా ఈ రైలే ఎక్కాలంటాను.

ఒక హెచ్చరిక. వేసవిలో స్థానిక పిల్లలు షిన్‌బాషి వంతెన మీద నుంచి పన్నెండు మీటర్ల కిందున్న నదిలోకి దూకుతారు. వాళ్లు చిన్నప్పటి నుంచి చిన్న రాళ్ల మీద మొదలుపెట్టి నేర్చుకున్నవాళ్లు. మనం చూసి చప్పట్లు కొడితే చాలు.

## కినోసాకి: సాయంత్రం కోసం కట్టిన ఊరు

1300 ఏళ్ల చరిత్ర చెప్పుకునే వేడినీళ్ల ఊరు ఇది, అయినా కనిపించే భవనాలు అంత పాతవి కావు. 1925 భూకంపంలో ఊరు కూలి, కాలిపోయింది. తర్వాత రోడ్లు వెడల్పు చేసి, ఒతానీ నదికి ఒడ్లు, వంతెనలు కట్టి, చెక్క ఇళ్లను మళ్లీ లేపారు. మనం చూసే విల్లో చెట్ల నదీ తీరం ఆ పునర్నిర్మాణమే.

ఊరంతా కలిసి ఒకే రియోకాన్ అని ఇక్కడివాళ్లు అంటారు: స్టేషన్ గుమ్మం, వీధులు వరండాలు, ఒక్కో బస ఒక్కో గది, ఏడు బయటి స్నానశాలలు స్నానపు గదులు. ఈ మాట వెనక గొడవ కూడా ఉంది. 1920ల చివర్లో ఒక రియోకాన్ తన ఆవరణలోనే వేడినీళ్ల స్నానం పెట్టుకోవడంతో, బయటి స్నానశాలలు ఖాళీ అయిపోతాయని ఊరు ఎదురుతిరిగింది. కోర్టుల దాకా వెళ్లి 1950లో రాజీ కుదిరింది. ఇక్కడి బసల్లో లోపలి స్నానపు తొట్లు చిన్నవిగా ఉండటానికి మూలం అదే. కాబట్టి గదిలో తొట్టి చిన్నదని రివ్యూల్లో ఫిర్యాదులు కనిపిస్తే పట్టించుకోకండి. బయటికి వెళ్లమనే ఆ ఏర్పాటు.

రాత్రి ఉండేవాళ్లకు బయటి స్నానశాలల పాస్ ఉచితంగా ఇస్తారు. యుకాతా, గేటా, చిన్న బుట్ట కూడా బసవాళ్లే ఇస్తారు. భోజనం చేసి చెప్పులు టకటకలాడిస్తూ నది పక్కన ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి నడవడమే ఇక్కడి కార్యక్రమం. పచ్చబొట్టు ఉన్నవాళ్లను జపాన్‌లో చాలా స్నానశాలలు రానివ్వవు, ఇక్కడ రానిస్తారు. ఏడూ ఒకేరోజు తెరిచి ఉంటాయనుకోవద్దు, వారపు సెలవుకో మరమ్మతుకో ఏదో ఒకటి మూసి ఉంటుంది.

నవంబరు నుంచి మార్చి దాకా మత్సుబా పీతల కాలం. చేపలు, పీతలు ఇష్టపడేవాళ్లకు అంతకన్నా మంచి సమయం లేదు, అద్దెలు కూడా అదే ఎత్తులో ఉంటాయి. శాకాహారులు ఆ నెలల్లో అంత డబ్బు పోయడం నాకు అనవసరం అనిపిస్తుంది. వసంతంలోనో, అక్టోబరులోనో భోజనం లేని గది తీసుకుంటే అదే నది, అవే స్నానాలు దొరుకుతాయి.

మరుసటి పొద్దున టైముంటే గెన్‌బుదో చూసి రండి. బసాల్ట్ రాయి ఆరుపలకల స్తంభాలుగా నిలబడ్డ గుహలవి. భూమి అయస్కాంత దిశ ఒకప్పుడు తలకిందులుగా ఉండేదని మతుయామా మొతోనోరి చెప్పడానికి మొదటి ఆధారాలు ఈ రాళ్లలోనే దొరికాయి. సైన్స్ చదివే పిల్లలుంటే స్నానాలకన్నా ఇదే గుర్తుపెట్టుకుంటారు.

## మీ ఇంట్లో ఎవరున్నారు?

అమ్మానాన్నలు, అందులోనూ శాకాహారులు ఉంటే తకయామాయే. జనం ఎక్కువన్న ఫిర్యాదు మూడు పూటలా తినగలిగితే తీరిపోతుంది. స్టేషన్ దగ్గర మంచాలున్న హోటల్, రెండు రాత్రులు, ఒక మధ్యాహ్నం ఫురుకవా.

కొత్త జంటలకు కినోసాకి. స్నానశాలల్లో ఇద్దరూ వేరువేరు తలుపుల్లోకి పోవాలి కాబట్టి కుటుంబ స్నానపు గది ఉన్న చోటు చూసుకోండి. స్నేహితుల బృందమైతే ఇంకా సరదా, గుజో వేసవి రాత్రులు ఇంకా ఎక్కువ సరదా.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలతో వెళ్తే గుజో. మైనం, చేపలు, తొట్లు, కోట, అన్నీ చేత్తో ముట్టుకునేవి. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం కంచె లేని కాలువలు ఎక్కువ, ఒక కన్ను ఎప్పుడూ వాళ్లమీదే ఉంచాలి.

అమెరికా నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో వస్తూ టోక్యోలో ఒకరోజు ఆగే తెలుగువాళ్లు చాలామంది. విమానం నరీటాలో దిగితే సవారా సరిగ్గా సరిపోతుంది. హనేడాలో దిగితే దూరం, అప్పుడు వదిలేయండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు బయటికి రావడానికి వీసా కావాలన్నది మరిచిపోవద్దు.

రెండోసారి, మూడోసారి జపాన్ వెళ్లేవాళ్లు తకయామా మళ్లీ వెళ్లకండి, గుజోలో ఒక రాత్రి ఉండండి. రెండూ గిఫులోనే ఉన్నాయి కదా, ఒకే ట్రిప్‌లో చూసేద్దామనిపిస్తుంది. నాలుగు రాత్రులు చేతిలో ఉంటేనే ఆ పని చేయండి.

## గింజాన్ ఒన్సెన్ సంగతి

యమగతా ప్రిఫెక్చర్‌లో మంచు కప్పిన చెక్క మేడలు, గ్యాస్ దీపాలు, మధ్యలో సన్నటి నది. ఫోన్‌లో ఎక్కువగా తిరిగే ఫోటో ఇదే. టోక్యో నుంచి యమగతా షింకన్‌సెన్‌లో ఓయిషిదా దాకా వెళ్లి, అక్కడి నుంచి బస్సులో దాదాపు నలభై నిమిషాలు. వీధి మొత్తం కొన్ని వందల మీటర్లే. బసలు పదికి కాస్త అటూ ఇటూ, చలికాలం గదులు నెలల ముందే అయిపోతాయి. జనం తాకిడి తట్టుకోలేక చలికాలం సాయంత్రాల్లో బయటి నుంచి వచ్చేవాళ్ల మీద పరిమితులు కూడా పెట్టారు. గది దొరికితే మిగతా ప్లాన్ మార్చుకునైనా వెళ్లండి. దొరకకపోతే పగలు వెళ్లి రావడానికి అంత దూరం వద్దు, కినోసాకి చాలు.

## బుకింగ్‌కు ముందు

తకయామా ఉత్సవం, గుజో ఆగస్టు నాలుగు రాత్రులు, కినోసాకి పీతల కాలం శనివారాలు, ఈ మూడూ ముందుగా నిండిపోతాయి. వీటిలో ఏదైనా కావాలంటే ముందు గది, ఆ తర్వాత విమానం టికెట్ చూసుకోండి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు చాలా రియోకాన్‌లు శనివారం గది ఇవ్వవు, ఆదివారం నుంచి గురువారం మధ్య ప్రయత్నించండి.

పెద్ద సూట్‌కేసులు ఈ ఊళ్లకు తీసుకురావద్దు. క్యోటో హోటల్ కౌంటర్‌లో ఇస్తే తక్యుబిన్ కొరియర్ వాళ్లు టోక్యో హోటల్‌కు మామూలుగా మరుసటి రోజుకు చేరుస్తారు. వీపున ఒక బ్యాగుతో రెండు రోజులు గడపొచ్చు. సంతలో, చిన్న దుకాణాల్లో, నాగరగవా రైల్లో కార్డు నడవకపోవచ్చు కాబట్టి వెయ్యి యెన్ నోట్లు, చిల్లర నగోయాలోనో క్యోటోలోనో తీసి పెట్టుకోండి.